హాల్‌టికెట్లకు బొట్టు పెట్టమంటే

ప్రశ్న:

అయ్యా, నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. వయసు 41. ఇంటర్ చదివే రోజుల నుంచే నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఎవరితోనూ వాదించను, అడిగితే దాచను. మా బడిలో ఏటా పదో తరగతి పరీక్షల ముందు హాల్‌టికెట్లు, పెన్నులు సరస్వతి ఫొటో ముందు పెట్టి, పూజ చేసి పిల్లలకు పంచుతారు. టీచర్లం తలా 500, పిల్లలు తలా 30 రూపాయలు చందా వేయాలి. ఈసారి కొత్తగా వచ్చిన హెచ్‌ఎం గారు, క్లాస్ టీచర్ని కాబట్టి పూజ నా చేతుల మీదుగా జరగాలన్నారు. నాకు నమ్మకం లేదని చెప్పాను. "జీతం ఇచ్చే గవర్నమెంటే గుళ్లకు పట్టుబట్టలు పెడుతోంది, మీకేంటమ్మా స్పెషల్?" అని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అన్నారు. అందరూ నవ్వారు. ఈ బడిలో నాలాంటిదాన్ని నేనొక్కదాన్నే. మా క్లాసులో ఒక ముస్లిం అమ్మాయి, ఒక క్రైస్తవ అబ్బాయి ఉన్నారు. పూజ జరిగినంతసేపూ అలాంటి పిల్లలు వరండాలో నిలబడతారు. పోయినేడు అలా నిలబడ్డవాళ్లకు హాల్‌టికెట్లు అందరికన్నా చివర్లో ఇచ్చారు. మా వారేమో "రెండు అగరొత్తులు వెలిగిస్తే నీ సొమ్మేం పోయింది?" అంటున్నారు. మా పాపను వచ్చే ఏడు బడిలో వేయాలి. ఫారంలో "మతం" అనే గడి చూస్తేనే టెన్షన్. అసలు మన దేశంలో మతం వేరు, ప్రభుత్వం వేరు అన్నమాట నిజమేనా? నేను తలవంచాలా, పోట్లాడాలా?

ఇట్లు, ఒక టీచర్.

సమాధానం:

టీచర్ గారూ,

ముందు మీ హెచ్‌ఎం గారి మాట సంగతి చూద్దాం. అన్న తీరు బాగాలేదు గానీ, అన్నది తీసిపారేసే మాట కాదు. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. తానీషా కాలం నాటి ఆనవాయితీ అని చెబుతారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తలమీద పెట్టుకుని వెళ్లడం ఏటా టీవీలో చూస్తాం. పెద్ద గుడికి వెళ్తే అక్కడ ఈవో గారు ప్రభుత్వ అధికారి. హుండీ లెక్క, ప్రసాదం టెండరు, అర్చకుడి జీతం దాకా దేవాదాయ శాఖ చూస్తుంది, దానికి 1987 నాటి చట్టం ఉంది. రంజాన్‌కు ప్రభుత్వ ఇఫ్తార్ విందులు, జెరూసలేం యాత్రకు ఆర్థిక సాయం కూడా మనం చూసినవే. అంతెందుకు, రాజ్యాంగంలోనే 290ఎ అని ఒక అధికరణ ఉంది. తిరువాన్కూర్ దేవస్వం (గుళ్ల నిర్వహణ) నిధికి కేరళ ఖజానా నుంచి ఏటా 46.5 లక్షలు, తమిళనాడులోని దేవస్వం నిధికి ఆ రాష్ట్ర ఖజానా నుంచి 13.5 లక్షలు ఇవ్వాలని అందులో అంకెలతో సహా రాసి ఉంది.

కాబట్టి "మతం వేరు, ప్రభుత్వం వేరు" అని మీరు స్టాఫ్ రూమ్‌లో వాదిస్తే ఓడిపోతారు. మన దగ్గర ఆ రెండింటి మధ్య గోడ కట్టలేదు. ఆ గోడ అనే మాట అమెరికాది. 1791లో వాళ్ల రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదంది. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో చర్చికీ ప్రభుత్వానికీ మధ్య "గోడ" అని రాశాడు. ఫ్రాన్స్ 1905లో చట్టం చేసి చర్చిలకు జీతాలివ్వడం మానేసింది. మనవాళ్లు ఈ రెండు దారులూ పట్టలేదు. అంటరానితనం పోవాలన్నా, గుడి తలుపులు అందరికీ తెరుచుకోవాలన్నా ప్రభుత్వం మతం జోలికి వెళ్లక తప్పని దేశం మనది. ఆ పనికని వెళ్లిన ప్రభుత్వం అక్కడే పీట వేసుకుని కూర్చుంది. నాకది నచ్చదు. నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి.

అయితే హెచ్‌ఎం గారి లెక్కలో ఒక తప్పుంది. ప్రభుత్వం గుడికి పట్టుబట్టలు పెట్టడం ఒకటి, మీ చేత కొబ్బరికాయ కొట్టించడం ఇంకొకటి. మొదటిదాన్ని గురించి కోర్టులు ఎన్నో రకాలుగా చెప్పాయి. రెండోదానికి మాత్రం ఎక్కడా అనుమతి దొరకదు. రాజ్యాంగం 25వ అధికరణ మొట్టమొదట ఇచ్చేది అంతరాత్మ స్వేచ్ఛ. మతాన్ని అవలంబించే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసుకునే హక్కు ఆ తర్వాతే వస్తాయి. 28వ అధికరణ అచ్చంగా బడుల కోసం రాసింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదు అంటుంది మొదటి భాగం. మీ జిల్లా పరిషత్ బడి ఆ కోవలోదే. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ బడిలోనైనా, తన సమ్మతి లేకుండా ఎవరూ మతారాధనకు హాజరు కానక్కర్లేదు, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి అంటుంది మూడో భాగం.

"అది పిల్లల గురించి కదా, టీచర్ల గురించి కాదు కదా" అని మిమ్మల్ని అడగొచ్చు. నాసిక్‌లో ఒక ఎయిడెడ్ స్కూల్ మాస్టారికి సరిగ్గా ఇదే జరిగింది. ఉదయం ప్రార్థనలో అందరూ చేతులు జోడిస్తే ఆయన జోడించలేదు. నిలబడ్డాడు, అంతే. అది క్రమశిక్షణ లేకపోవడం అని బడి యాజమాన్యం ఆయనకు రావలసిన ఇంక్రిమెంటు ఆపేసింది. ఏళ్ల తరబడి తిరిగి చివరికి బొంబాయి హైకోర్టుకు వెళ్లాడు. 2013లో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ప్రార్థనలో చేతులు జోడించమని టీచర్ని బలవంతం చేయడం కుదరదు, 28వ అధికరణ ఆయనకూ వర్తిస్తుంది అంది. ఆ తీర్పు మన రాష్ట్రంలో కట్టుబడి తీరాల్సినది కాదు గానీ, ఇక్కడి కోర్టు ముందు పెడితే విలువున్న తీర్పే. పైగా మీ సంగతి అంతకన్నా గట్టిది. ఆయన్ని చేతులు జోడించమన్నారు. మిమ్మల్ని ఏకంగా పూజారి పీట మీద కూర్చోమంటున్నారు. క్లాస్ టీచర్ డ్యూటీలు ఎన్నో ఉండొచ్చు గానీ, వాటిలో హారతి ఇవ్వడం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. నచ్చదేమో మీకు. "నన్ను ఇందులోకి లాగకండి" అనడం వేరు, "ఈ పూజ జరగకూడదు" అనడం వేరు. మొదటిదానికి కోర్టులో కాలు నిలుస్తుంది. రెండోదానికి నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. గుజరాత్‌లో హైకోర్టు కొత్త భవనానికే భూమిపూజ చేస్తే, ఇది సెక్యులరిజానికి విరుద్ధం అని ఒకాయన పిటిషన్ వేశాడు. 2011లో కోర్టు దాన్ని కొట్టేసి, తిరిగి ఆయన మీదే 20,000 రూపాయలు ఖర్చులు వేసింది. కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం సంస్కృత ప్రార్థన గురించి సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌ను 2019 జనవరిలో ఇద్దరు జడ్జిలు ఇది పెద్ద ధర్మాసనం తేల్చాల్సిన విషయమని పైకి పంపారు. కనుక మీ బలమంతా మొదటి మాటలోనే ఉంది. దాన్ని రెండో మాటతో కలిపి పలచన చేసుకోకండి.

స్టాఫ్ రూమ్‌లో అందరూ నవ్వారని రాశారు. వాళ్లకు తెలియని ఒక సంగతి చెప్తాను. మన రాజ్యాంగ పీఠికను "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ప్రతిపాదించారు. ఆ సభలో నాస్తికులు ఎంతమంది ఉంటారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రోజూ పూజ చేసుకునేవాళ్లతో నిండిన సభ అది. అయినా ఓటింగ్ పెడితే అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. వీగిపోయింది. మన తెలుగు సభ్యుడు ఎం. తిరుమలరావు, భారతదేశానికి దేవుడు కావాలా వద్దా అనేది ఓట్లతో తేల్చే సంగతి కాదని, ప్రమాణ స్వీకారంలో దేవుడి పేరు పెట్టి నమ్మనివాళ్లకు వేరే దారి ఇచ్చాం గానీ పీఠికలో అలా రెండూ పెట్టలేమని అన్నారు. హృదయనాథ్ కుంజ్రూ కూడా అభ్యంతరం చెప్పారు. నమ్మకం విషయంలో స్వేచ్ఛ ఇస్తున్నామని అదే పీఠికలో రాస్తూ, పైన దేవుడి పేరు అందరి మీదా ఎలా రుద్దుతామన్నది ఆయన వాదన. దేవుడంటే గిట్టక కాదు వాళ్లు అలా ఓటేసింది.

తిరుమలరావు చెప్పిన ఆ "వేరే దారి" రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఇప్పటికీ ఉంది. మంత్రి అయినా ఎమ్మెల్యే అయినా "దైవసాక్షిగా" అనొచ్చు, "ఆత్మసాక్షిగా" అనీ అనొచ్చు. సాక్షి బోనులో నిలబడ్డ మామూలు మనిషికి కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం అదే వెసులుబాటు ఇస్తుంది. ఆ చిన్న వెసులుబాటు కోసం ఇంగ్లండ్‌లో ఒకాయన ఆరేళ్లు తలుపు దగ్గరే నిలబడ్డాడు. చార్లెస్ బ్రాడ్లా. 1880లో ఎంపీగా గెలిచాడు. నాస్తికుణ్ణి కాబట్టి దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేస్తానన్నాడు. కుదరదన్నారు. సరే, మీ ప్రమాణమే చేస్తానన్నాడు. నమ్మనివాడు చేస్తే అది చెల్లదన్నారు! సీటు పోయింది. ఉప ఎన్నిక పెడితే మళ్లీ గెలిచాడు. మళ్లీ ఆపారు. 1886లో గానీ సభలో కూర్చోలేకపోయాడు. 1888లో చట్టం మారింది. ఆ మరుసటి ఏడు బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చాడు. 1891లో ఆయన పోయినప్పుడు అంత్యక్రియలకు వెళ్లినవాళ్లలో లండన్‌లో చదువుకుంటున్న గాంధీ ఒకడు. గాంధీకి దేవుడి మీద ఎంత నమ్మకమో మీకు వేరే చెప్పాలా?

ఈ పాత కథలన్నీ ఎందుకంటే, మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది. "ఈ బడిలో నాలాంటిదాన్ని నేనొక్కదాన్నే" అని రాశారు. కాదండీ. వరండాలో ఇద్దరున్నారు కదా. వాళ్లకు దేవుడి మీద నమ్మకం మీ హెచ్‌ఎం గారికి ఉన్నంత ఉంటుంది. అయినా ఈ విషయంలో వాళ్లు మీ పక్కనే ఉన్నారు. చరిత్ర చూసినా అంతే. జెఫర్సన్ ఆ గోడ గురించి ఉత్తరం రాసింది బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లకు. తమ రాష్ట్రంలో వేరే చర్చి పెత్తనం భరించలేక ఆయనకు మొరపెట్టుకున్న భక్తులు వాళ్లు. 1962లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో అధికారులు రాసిచ్చిన 22 మాటల ప్రార్థనను కొట్టేసిందంటే, దాని మీద కోర్టుకెక్కిన తల్లిదండ్రుల్లో యూదు భక్తులు కూడా ఉన్నారు.

మన దగ్గర 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ నోరు కలపలేదు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ల పిల్లలు. వాళ్ల దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ కీర్తించకూడదని వాళ్ల నమ్మకం. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను వెనక్కి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం దాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అన్నారాయన. ఈ రోజు ఏ నాస్తికుడైనా "నేను నోరు కలపను" అనగలుగుతున్నాడంటే, దాని వెనక ముగ్గురు భక్తుల పిల్లలున్నారు. నేను ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా కాస్త సిగ్గుపడతాను. నా తరం నాస్తికులం సాటి నాస్తికుల్ని వెతుక్కుంటూ తిరిగామే గానీ, వరండా వైపు చూడలేదు.

సిగ్గు అన్నాను కాబట్టి నా కథ కూడా చెప్తాను. నేను ప్రభుత్వ గుమాస్తాగా చేరిన రెండో ఏడు. దసరాకు ఆఫీసులో ఆయుధపూజ. టైపు మిషన్లకు, బీరువాలకు, ఆఖరికి పంచింగ్ మిషన్‌కు కూడా బొట్లు. మా అటెండరు ఒక్కో బల్ల మీదా పులిహోర పొట్లం పెట్టుకుంటూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి "గవర్నమెంటు ఆఫీసులో ఇదేం పని?" అని అందరికీ వినబడేలా అని పొట్లం వెనక్కి తోసేశాను. ఆయన ఏమీ అనలేదు, తీసుకుని వెళ్లిపోయాడు. పులిహోర ఆయన భార్య తెల్లారుజామునే లేచి చేసి పంపిందని సాయంత్రం తెలిసింది. పూజ పెట్టమన్నది మా ఆఫీసరు. చందా కట్టమని కాగితం తిప్పింది సూపరింటెండెంటు. వాళ్లిద్దర్నీ నేనొక్క మాట అనలేదు. ధైర్యం చాలలేదు. నా నాస్తికత్వమంతా ఒక చిన్న ఉద్యోగి పొట్లం మీద చూపించాను.

అప్పటి నుంచీ నేనొక లెక్క పెట్టుకున్నాను. పక్కింటావిడ వ్రతం చేసుకుని తాంబూలం ఇస్తే తీసుకుంటాను. పెళ్లికి పిలిస్తే అక్షింతలు వేస్తాను, వేసింది ఆ పిల్లల మీద గానీ మంత్రం మీద కాదు. పులిహోర ఎవరు పెట్టినా తింటాను. కానీ ఎదుటివాడి చేతిలో రబ్బరు స్టాంపు ఉండి, ఆ స్టాంపు బలంతో దండం పెట్టమంటే మాత్రం పెట్టను. ఇదే అందరికీ సరైనదని అనడం లేదు. ప్రసాదం కూడా ముట్టని స్నేహితులు నాకున్నారు. వాళ్లు నాకన్నా నిఖార్సయినవాళ్లే కావచ్చు.

మీ వారి మాటకు ఇదే నా జవాబు. ఇంట్లో అత్తగారి కోసం మీరు రెండు అగరొత్తులు వెలిగిస్తే అది ప్రేమ, అందులో నేను తలదూర్చను. బడిలో హెచ్‌ఎం ఆర్డరు మీద వెలిగిస్తే అది వేరే సంగతి. అదే చేతులతో మీరు రేపు క్లాసులో ఆ ఇద్దరు పిల్లల పేపర్లు దిద్దాలి. "టీచర్ కూడా వాళ్లవైపే" అని వాళ్లకు అనిపించడం మీ సొమ్మే కాకపోవచ్చు గానీ, పోయేది మాత్రం చిన్నది కాదు. ఆయన భయం ఉత్తదే అని మాత్రం అనను. ట్రాన్స్‌ఫర్లు, సతాయింపులు, లీవు అడిగితే మొహం తిప్పుకోవడం, అన్నీ ఉంటాయి. గోరా గారు నాస్తికుడన్న కారణంతో లెక్చరర్ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, అది తర్వాత విజయవాడకు వచ్చింది. ఆయన వెనక భార్య సరస్వతి గోరా గారు కొండంత అండ. మీ వారిని అంత అవ్వమని అడగను. ఈ ఉత్తరం మాత్రం ఒకసారి చదివించండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు కాగితం కాదు, మనిషి. హెచ్‌ఎం గారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి కలవండి. దేవుడున్నాడా లేడా అనే చర్చలోకి పొరపాటున కూడా దిగకండి. ఆయన దింపాలని చూస్తారు, ఎందుకంటే అక్కడ ఆయనకు ఒడ్డు దొరుకుతుంది. "సార్, పూజ మీరు గానీ ఇష్టమున్న ఇంకో టీచర్ గానీ చేయించండి, నేను చేయను. ఆ రోజు డ్యూటీ ఏదైనా వేయండి, చేస్తాను" అనండి. ఆ తర్వాత అసలు విషయం: హాల్‌టికెట్ల పంపిణీని పూజ నుంచి విడదీయమనండి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ రెంటినీ ముడిపెట్టడమే. హాల్‌టికెట్ ప్రభుత్వ కాగితం. అది పిల్లవాడికి రావడానికి ఏ దేవత దగ్గరా ఆగనక్కర్లేదు. ముందు రోజే క్లాసులో రోల్ నంబర్ల వరసన ఇచ్చేసి సంతకం తీసుకోండి. కావాల్సినవాళ్లు మర్నాడు తెచ్చుకుని పూజలో పెట్టుకుంటారు. వరండా సమస్య సగం అక్కడే తీరిపోతుంది. హెచ్‌ఎం గారు కూడా ఇందులో ఓడిపోయినట్టు అనుకోరు.

చందా సంగతి కూడా అడగండి. మీ 500 కన్నా నాకు పిల్లల 30 ముఖ్యం. ఇష్టమైతేనే ఇవ్వండని మాటవరసకు అనడం వేరు. అరవైమంది ముందు పేరు పిలిచి అడిగితే, ఆ వయసు పిల్లవాడు ఇవ్వనని ఎలా అంటాడు? డబ్బా ఒకటి పెట్టమనండి. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో పేర్లు రాయకూడదు.

ఆయన కాదంటే అప్పుడు కాగితం. పది లైన్లు చాలు. 25, 28 అధికరణలు, నాసిక్ టీచర్ విషయంలో బొంబాయి హైకోర్టు 2013 తీర్పు, మీరు పూజ చేయలేనని మనవి, వేరే డ్యూటీకి సిద్ధమని మాట. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అనే 51ఎ అధికరణ కూడా రాయాలనిపిస్తుంది మీకు. మన వాళ్లందరికీ అది ముద్దు. రాయకండి. ఆ విధుల్ని కోర్టులో అమలు చేయించలేరు, పైగా చదివేవాడికి అది పాఠం చెప్పినట్టు ఉంటుంది. ఎంఈవో, డీఈవోలకు కాపీ మొదటి ఉత్తరంలోనే పెట్టకండి. ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల పేర్లు మాత్రం వాళ్లను అడగకుండా ఏ కాగితం మీదా రాయకండి. వాళ్లు ఊళ్లో బతకాలి. మీకు ట్రాన్స్‌ఫర్ అయితే వెళ్లిపోతారు, వాళ్లకు ఆ దారి లేదు. ఇంటికి వెళ్లి మాట్లాడండి. వద్దంటే అక్కడితో ఆపండి.

ఒక షరతు మీకూ ఉంది. పరిణామ సిద్ధాంతం చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎవరి మొహమాటం కోసమూ తగ్గించొద్దు. కానీ "దేవుడు లేడు" అని బోర్డు ముందు నిలబడి చెప్పకండి. బెల్లు కొట్టాక ఎవరైనా పిల్లవాడు వచ్చి "టీచర్, మీరు నమ్మరంట కదా?" అంటే "అవును, నేను నమ్మను, మీ ఇంట్లో వాళ్లను కూడా అడుగు" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయండి. హెచ్‌ఎం గారి కుర్చీ దేవుడి కోసం వాడుకోకూడదంటే, మీ చాక్‌పీసు నాస్తికత్వం కోసం వాడుకోకూడదు. ప్రభుత్వం తానే నాస్తికం అయితే ఏమవుతుందో అల్బేనియా చూపించింది. 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూయించి, ప్రపంచంలో మొదటి నాస్తిక దేశం మాదే అని చాటుకుంది. ఇంట్లో రహస్యంగా ప్రార్థన చేసుకున్నవాళ్లను కూడా శిక్షించింది. ఆ గొప్ప మనకొద్దు.

ఇక పాప ఫారం. 2014లో బొంబాయి హైకోర్టు, ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరుడికుంది, మతం చెప్పి తీరాలని ప్రభుత్వం బలవంతపెట్టకూడదు అంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక జంట వేసిన కేసులో, జనన ధ్రువీకరణ దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అనే గడి పెట్టమని ఆదేశించింది. కనుక ఆ గడిలో "లేదు" అని రాయొచ్చు. గుమాస్తా వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అయితే మీ కుటుంబానికి కుల ధ్రువీకరణ పత్రంతో పని ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే తొందరపడకండి. ముఖ్యంగా ఎస్సీ హోదా 1950 నాటి ఉత్తర్వు ప్రకారం మతంతో ముడిపడి ఉంది. మొదట్లో దాదాపుగా హిందువులకే, 1956లో సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. మతం లేదని రాస్తే రేపు ఏ ఆఫీసులో ఏ ప్రశ్న వస్తుందో, వకీలును అడిగి తెలుసుకున్నాకే ఆ గడి నింపండి. మీ ఆదర్శానికి పాప స్కాలర్‌షిప్ ఖర్చు కాకూడదు.

ఇంకో తమాషా కూడా చెప్పనా? మీరు ఫారంలో ఏం రాసినా, పెళ్లి, వారసత్వం దగ్గరికి వచ్చేసరికి చట్టం మిమ్మల్ని హిందువుగానే లెక్కేస్తుంది. హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కాని దాదాపు అందర్నీ తన గొడుగు కింద లాగేసుకుంది. నేను యాభై ఏళ్లుగా నాస్తికుణ్ణి, చట్టం ప్రకారం హిందూ నాస్తికుణ్ణి. పాప పెద్దయ్యాక ఏ మతమూ లేని పెళ్లి కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు. దానికింకా చాలా టైముంది, ఇప్పుడు మీరు టెన్షన్ పడాల్సింది పరీక్షల గురించే.

హెచ్‌ఎం గారిని సోమవారం కలవండి, శుక్రవారం దాకా ఆగకండి. పూజ రోజు దగ్గర పడేకొద్దీ ఆయన వెనక్కి తగ్గడం కష్టమవుతుంది. ఒకవేళ కాగితమే ఇవ్వాల్సి వస్తే తేదీ వేయడం మర్చిపోకండి. రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని రాయించి ముద్ర వేయించుకోండి. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఆ ముద్ర సంగతి నన్ను నమ్మండి.